రుచి చూడని వంటాయన

సూర్యప్రకాశం గారి ముక్కు గురించి అంబాజీపేట చుట్టుపక్కల అగ్రహారాల్లో చెప్పుకునేవాటిలో సగం అబద్ధాలే. రెండు వీధుల అవతల ఎవరింట్లో పోపు మాడినా ఆయనకు తెలిసిపోతుందన్నది అబద్ధం. ఆ ముక్కు చూసే బుల్లెమ్మ గారిని ఇచ్చి పెళ్ళి చేశారన్నదీ అబద్ధమే. అప్పటికి ఆయనకు ఎసరు పెట్టడం కూడా రాదు. కానీ ఎన్ని వందల మందికి వండినా ఆయన వంట రుచి చూడరన్న మాట మాత్రం నిజం. ముప్ఫై ఏళ్ళుగా నిజం.

మడి కట్టుకుని గాడిపొయ్యి దగ్గర నిలబడ్డాక ఆయన నోట్లోకి మంచినీళ్ళు తప్ప మరోటి పోయేది కాదు. దేవుడికి నైవేద్యం పెట్టకముందే వంటవాడు నాలిక మీద వేసుకుంటే అది ఎంగిలి వంటే అని ఆయన తండ్రి చెప్పి పోయాడు. మరి ఉప్పూ కారం సంగతి? గుండిగ మీద మూత తీసి, ఆవిరి మొహానికి తగిలేట్టు వంగి, కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చేవారు. అంతే. "ఉప్పుకి వాసనేంటండీ ప్రకాశం గారూ" అని పెళ్ళివారు వేళాకోళం చేసేవాళ్ళు. "ఉప్పుకి లేదండి. ఉప్పు పడ్డ పులుసుకి ఉంది" అనేవారాయన నవ్వకుండా. నిజంగా ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఉప్పు తక్కువైందని ఆయన పంక్తిలో ఎవరూ అనగా మాత్రం వినలేదు. మడి ఆచారం గట్టిగా పట్టే ఇళ్ళవాళ్ళు ముహూర్తం పెట్టుకోక ముందే ఆయన దగ్గరికి వచ్చి తేదీలు అడిగేవారంటే ఇందుకే.

అలాంటి మనిషి ఒక్కసారి తప్పాడు.

తొంభై ఏడు వైశాఖంలో ఉదయ్‌భాస్కర్ మాస్టారి పెద్దమ్మాయి పెళ్ళి. ఆరు వందల విస్తళ్ళు. సరిగ్గా ఆ ముందురోజే ప్రకాశం గారికి పడిశం పట్టింది. ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయింది. పనసపొట్టు కూర, కందా బచ్చలీ అలవాటు మీద గడిచిపోయాయి. దప్పళం దించే వేళకు వచ్చింది చిక్కు. ఉప్పు వేశారా, వేసి మళ్ళీ వేశారా? గుర్తు రాలేదు. మూత తీసి వంగారు. ఆవిరి తగిలింది గానీ వాసన తగల్లేదు. ఇంకోసారి వంగారు. ఊహూఁ. ఆరు వందల మందికి పెట్టే దప్పళం, అందులోనూ మాస్టారి ఇల్లు.

ఆయన వెంట పందిళ్ళకు వచ్చి కూరలు తరిగే రత్నమాణిక్యం ఆ వేళ బూరెల బాణలి దగ్గర అటు తిరిగి కూర్చుని ఉంది. ఆమె వరసకు చెల్లెలు. చిన్నప్పుడే భర్త పోయిన మనిషి. ఆమె చూడకుండా ప్రకాశం గారు గరిటెడు పులుసు తీసి, అందులో కాస్త అరచేతిలో పోసుకుని, ఊదుకుని, ఒక్క జుర్రు జుర్రారు. అదే క్షణంలో పందిట్లోంచి మాస్టారు "ప్రకాశం గారూ, విస్తళ్ళు వేసేద్దామా!" అని కేకేశారు. ప్రకాశం గారు దొంగతనం చేస్తూ దొరికినట్టు ఉలిక్కిపడ్డారు. నోట్లో ఏదో గట్టిగా తగిలింది, ఆ వెంటనే తగలడం మానేసింది. ఇక దగ్గు. ఆగదే! కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, ఊపిరి ఆడటం లేదు.

రత్నమాణిక్యం పరుగున వచ్చి నెత్తి మీద తట్టింది.

"పొలమారిందా అన్నయ్యా! ఎవరో తలుచుకుంటున్నారు నిన్ను. వదినే అయ్యుంటుంది, ఇంకెవరు తలుచుకుంటారు!"

ఏం నోట్లో వేసుకుంటే పొలమారిందని ఆమె అడగలేదు. మంచినీళ్ళనుకుంది. ప్రకాశం గారు చెప్పలేదు. కాసేపటికి దగ్గు తగ్గింది. నోట్లో తగిలింది కడుపులోకి పోయి ఉంటుందిలే అనుకున్నారు. అవతల పంక్తి కూర్చుంది, దప్పళం మారు అడిగి వేయించుకున్నారు. ఆ పని గొడవలో ఆ సంగతి ఆయనకు గుర్తే లేకుండా పోయింది. మర్చిపోవాలనీ ఉంది కదా మరి.

పడిశం వారంలో పోయింది. దగ్గు పోలేదు. మిరియాల కషాయం, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, పాలల్లో పసుపు, బుల్లెమ్మ గారికి తెలిసినవన్నీ అయ్యాయి. కార్తీకం వెళ్ళాక ఒక ఇంట్లో ఆబ్దికం వంటకు వెళ్ళి, దొడ్లో అరటిబోదెల దగ్గర నిలబడి దగ్గితే బూడిద కుప్ప మీద ఎర్రగా పడింది. ఆయన కాసేపు దాన్నే చూశారు. తరవాత కాలితో బూడిద కప్పేసి, కాళ్ళు కడుక్కుని, మళ్ళీ మడి కట్టుకుని లోపలికి వెళ్ళి వంట ముగించారు.

ఎన్నాళ్ళు దాస్తారు? నాలుగో రోజు బుల్లెమ్మ గారు కండువా ఉతుకుతూ మరక చూసి పట్టేసింది.

"ఏంటండీ ఇది?"

"ఏం లేదు, పంటి చిగురు."

"ఏదీ, నోరు తెరవండి."

యాభై రెండేళ్ళ మనిషి నూతి గట్టు దగ్గర నిలబడి చంటిపిల్లాడిలా నోరు తెరిచారు. ఆవిడ గడ్డం పట్టుకుని ఎండకు తిప్పి చూసింది.

"చిగుళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. నా దగ్గరా అబద్ధం! పదండి అమలాపురం."

అమలాపురం డాక్టరుగారు మంచివాడే. తప్పు పట్టడానికి లేదు. ఆ రోజుల్లో నెలల తరబడి దగ్గి, నెత్తురు పడ్డ మనిషి ఎదురుగా కూర్చుంటే ఎవరైనా ముందు అనుకునే జబ్బు ఒకటే. కళ్ళె మూడుసార్లు పరీక్ష చేయించారు. క్రిములు కనపడలేదు. ఎక్స్‌రేలో కుడివైపు కింద మచ్చ కనపడింది. "క్రిములు కనపడనంత మాత్రాన లేవని కాదండి. మచ్చ ఉంది కదా. టీబీ మందులు మొదలెడదాం" అన్నారు. మందులు మొదలయ్యాయి. మూత్రం ఎర్రగా వస్తే ప్రకాశం గారు ఇంకా భయపడ్డారు. అది మాత్ర రంగేనని తెలుసుకోవడానికి మళ్ళీ అమలాపురం వెళ్ళాల్సి వచ్చింది.

జబ్బు పేరు ఎవరు చెప్పారో, మందుల షాపులో ఎవరు చూశారో గానీ పదిహేను రోజుల్లో అగ్రహారం అంతా తెలిసిపోయింది. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదండోయ్. కోనసీమ మర్యాద ఎక్కడికి పోతుంది! "పాపం, విశ్రాంతి తీసుకోండి ప్రకాశం గారూ, మీరు పొగలో నిలబడితే మాకు మనసొప్పదు" అన్నారు. అలా అని కట్టుంగ ఊరి నుంచి వేరే వంటవాళ్ళను పిలిపించుకున్నారు. ఉదయ్‌భాస్కర్ మాస్టారు కూడా తండ్రి ఆబ్దికానికి కబురు పెట్టలేదు. క్షయ ఉన్నవాడి చేతి వంట ఎవరు తింటారు, ప్రకాశం గారే అయితే తింటారా? తినరు. అది ఆయనకూ తెలుసు. అందుకే ఎవరి మీదా కోపం తెచ్చుకోలేకపోయారు, కోపం తెచ్చుకునే వీలు లేకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. ఇంట్లో తన కంచం, తన గ్లాసు తనే వేరు పెట్టుకున్నారు. గుండిగలు తోమించి పెరటి గదిలో బోర్లించారు. మడి వంటలో వెల్లుల్లి కూడా ముట్టని ఆ చేతులకు రోజంతా పని లేకపోవడంతో, ఆయన అరుగు మీద కూర్చుని పక్కింటివాళ్ళ పోపు వాసన పీల్చి "ఆవాలు ఇంకా చిటపటలాడలేదు, తొందరపడింది" అని తనలో తనే అనుకునేవారు.

తొమ్మిది నెలలు ఒక్క మాత్ర తప్పకుండా మింగారు. బరువు తగ్గలేదు, జ్వరం లేదు, ఆకలి బాగానే ఉంది. దగ్గు మాత్రం అలాగే ఉంది. అట్లతద్ది వెళ్ళిన వారానికి మళ్ళీ నెత్తురు పడింది. ఈసారి చెంచాడు.

"మొండి టీబీ అయ్యుండచ్చు, సూదులు కలపాలి" అన్నారు అమలాపురంలో.

"సూదులు తరవాత. రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఉందిట, ముందు ఆవిడకి చూపిద్దాం" అంది బుల్లెమ్మ గారు. ఎక్స్‌రేలన్నీ పాత పంచాంగాల మధ్య పెట్టి, గుడ్డలో చుట్టి, రావులపాలెం మీదుగా వెళ్ళే బస్సు ఎక్కారు.

డాక్టర్ ఉమాశ్రీకి నలభై ఏళ్ళుంటాయి. మనిషి నెమ్మది, మాట సూటి. మందుల చీటీలు చూడలేదు ముందు. ఏడాదిలో తీసిన నాలుగు ఎక్స్‌రేలను తేదీల వరసలో దీపం పెట్టెకు తగిలించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ప్రకాశం గారూ, నెత్తురు దగ్గితే వస్తోందా, వాంతిలా వస్తోందా?"

"దగ్గితేనండి."

"రంగు? ఎర్రగానా, కాఫీ డికాక్షన్‌లా నల్లగానా?"

"ఎర్రగా, కాస్త నురగ కలిసి ఉంటుందండి."

"ముక్కులోంచి గొంతులోకి దిగడం లాంటిది ఏమైనా? నెత్తురు పలచబడే మాత్రలేమైనా వాడతారా? చుట్ట, బీడీ?"

"రామ రామ" అంది బుల్లెమ్మ గారు, చుట్ట మాటకి.

ఉమాశ్రీ స్టెత్ పెట్టి చాలాసేపు విన్నది. ఎడమ వైపు, కుడి వైపు, మళ్ళీ కుడి వైపు కింద. "గట్టిగా ఊపిరి పీల్చండి. వదలండి. ఇంకోసారి." తరవాత కుర్చీలో కూర్చుని, బుల్లెమ్మ గారికి కూడా అర్థమయ్యేట్టు చెప్పింది.

"చూడండమ్మా. ఈ నాలుగు ఫిల్ముల్లోనూ మచ్చ ఒక్కచోటే ఉంది. కుడివైపు, కింద. మందు పనిచేస్తే తగ్గాలి. జబ్బు ముదిరితే పాకాలి. ఇది రెండూ చెయ్యలేదు. టీబీ ఎక్కువగా పై భాగంలో మొదలవుతుంది. పైగా ఈయనకి కుడివైపు కిందే పిల్లికూత వినపడుతోంది, మిగతా ఊపిరితిత్తి అంతా శుభ్రంగా ఉంది. అంటే ఒక్క గొట్టానికే ఏదో అడ్డం ఉంది. అక్కడే పుండు పడి నెత్తురొస్తోంది."

"అడ్డం అంటే ఏంటండీ?" అంది బుల్లెమ్మ గారు.

"గడ్డ కావచ్చు. పొగతాగని వాళ్ళకి కూడా వస్తుంది. లేదా పాత జబ్బు వల్ల గొట్టం ముడుచుకుపోయి ఉండచ్చు. లేదా బయటి వస్తువేదైనా లోపలికి పోయి ఉండచ్చు."

"వస్తువుంటే ఎక్స్‌రేలో కనపడదా అమ్మా?" అంది ఆవిడే మళ్ళీ.

"ఇనుప మేకు అయితే కనపడుతుంది. గింజలు, పలుకులు కనపడవు. అసలు ఈ దగ్గు ఎప్పుడు మొదలైంది?"

"నిరుడు వైశాఖంలోనండి" అని బుల్లెమ్మ గారే అందుకుంది. "మా ఉదయ్‌భాస్కర్ మాస్టారి అమ్మాయి పెళ్ళి చేసొచ్చిన దగ్గర్నుంచి. అప్పుడు పడిశం పట్టింది లెండి."

ఉమాశ్రీ ఆయన వైపు తిరిగింది. "ఆ రోజుల్లో ఏదైనా తింటూ గట్టిగా పొలమారిందా?"

అరచేతిలో పులుసు, మాస్టారి కేక, నోట్లో గట్టిగా తగిలింది, అన్నీ ప్రకాశం గారికి ఒక్కసారి గుర్తొచ్చాయి.

"లేదండి" అన్నారు.

"పొలమారడం ఎవరికి ఉండదు డాక్టరమ్మా" అంది బుల్లెమ్మ గారు. "ఎవరైనా తలుచుకుంటే పొలమారుతుంది. దానికి ఏం లెక్కుంటుంది!"

"తలుచుకున్నవాళ్ళ సంగతి తరవాత చూద్దాంలెండి" అని ఉమాశ్రీ నవ్వి, వెంటనే నవ్వు మానేసింది. "ఎందుకు అడుగుతున్నానంటే, గొట్టం వేసి లోపల చూడాలి. గడ్డ అనుకుంటే ఒక రకం గొట్టం, సన్నది, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను. వస్తువు అనుకుంటే వేరే గొట్టం కావాలి, పూర్తి మత్తు ఇవ్వాలి, గొంతు డాక్టరు గారిని పిలిపించుకోవాలి. ఏం వెతుకుతున్నానో నాకు ముందే తెలిస్తే మీకు ఒక గండం తప్పుతుంది. బాగా ఆలోచించి చెప్పండి."

"లేదండి" అన్నారు ఆయన మళ్ళీ.

బయట బల్ల మీద కూర్చున్నాక బుల్లెమ్మ గారు ఎక్స్‌రేలు చుట్టిన గుడ్డకు ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. గడ్డ అన్న మాట దగ్గరే ఆవిడ ఆగిపోయింది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఇంత భయపడటం ఆయన చూడలేదు. రుచి చూశానని చెబితే ఏమవుతుంది? ముప్ఫై ఏళ్ళ పేరు పోతుంది. ఆ పేరు ఇప్పుడు మాత్రం ఎక్కడుంది, పెరటి గదిలో గుండిగలతో పాటు బోర్లించి ఉంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఈ మనిషి ఇలా భయపడుతూనే ఉంటుంది. ప్రకాశం గారు కండువా సర్దుకుని లేచారు.

"ఎక్కడికండీ?"

"కళ్ళద్దాలు లోపల మర్చిపోయాను."

కళ్ళద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి.

డాక్టరమ్మ ఎదురుగా కూర్చోకుండా నిలబడే చెప్పారు. "అమ్మా, నేను ఒక తప్పు చేశాను. పులుసు రుచి చూశాను."

ఉమాశ్రీకి అర్థం కాలేదు. "చూస్తే?"

"వంటవాడినండి నేను."

"వంటవాళ్ళు రుచి చూడకపోతే ఎలా అండి?"

ఆ మాటకు ఆయనకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కూర్చుని మొత్తం చెప్పారు, మడి, నైవేద్యం, పడిశం, ఉప్పు, అరచెయ్యి, జుర్రు, మాస్టారి కేక. ఉమాశ్రీ మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయ్యాక ఒక్కటే అడిగింది.

"నోట్లో గట్టిగా తగిలిందన్నారే, ఏమై ఉంటుంది?"

"పులుసులో గట్టిగా తగిలేది ఇంకేముంటుందమ్మా. చింతగింజ. ఆ చింతపండు పిసికింది కూడా నేనే." ఆ రెండో తప్పు ఆయనకు మొదటిదానికంటే కష్టంగా ఉన్నట్టు కనపడింది. "మా ఆవిడకి చెప్పకండి."

"ఏం వెతకాలో నాకు చెప్పారు, చాలు. మిగతాది మీ ఇంటి విషయం" అని ఆమె చీటీ మీద రాసుకుంది.

మర్నాడు పొద్దున్న మత్తు ఇచ్చి గొట్టం వేశారు. అరగంట పట్టింది. కుడి గొట్టంలో, కింది కొమ్మ మొదట్లో, చుట్టూ కండ పెరిగి సగం పూడుకుపోయిన చింతగింజ దొరికింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఏడాదిన్నరైనా చెక్కు చెదరలేదు. పక్కన కండ ముక్క కూడా తీసి పరీక్షకు పంపారు. గడ్డ కాదని, టీబీ కాదని వారంలో కాగితం వచ్చింది. మాత్రలు ఆపెయ్యమన్నారు. మందుసీసాలో నీళ్ళు పోసి గింజ అందులో వేసి ఉమాశ్రీ బుల్లెమ్మ గారి చేతికి ఇచ్చింది.

"ఇదిగోనమ్మా మీ ఆయన టీబీ."

బుల్లెమ్మ గారు ఆ సీసాను రాజమండ్రి నుంచి ఇంటి దాకా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చింది. బస్సు దిగినది మొదలు ఇంటింటికీ చూపించింది. "మా వారికి క్షయా లేదు, గియా లేదు! ఇదిగో చూడండి, చింతగింజ! వంటకి ఎందుకు పిలవలేదు మీరు?" అని మొహమ్మీదే అడిగేసింది. అగ్రహారం మొగాళ్ళు ఒక్కొక్కరే అరుగు మీదికి వచ్చి గింజను చూసి, నాలిక కరుచుకుని, కాఫీ తాగి వెళ్ళారు. ప్రకాశం గారి దగ్గు పది రోజుల్లో మాయమైంది.

గింజ లోపలికి ఎలా వెళ్ళిందని అందరూ అడుగుతారు కదా. దానికి జవాబు కూడా బుల్లెమ్మ గారే చెప్పేది. ఆయన బయట వంటల్లో రుచి చూడరు, ఊరందరికీ తెలుసు. కాబట్టి గింజ ఇంట్లో పులుసులోదే. "నా కళ్ళు సరిగా ఆనడం లేదు. చింతపండు పిసికి గింజ వదిలేశాను. నా చేతులారా నేనే ఆయన్ని చంపుకునేదాన్ని" అని మొదట ఏడ్చింది, తరవాత ఏడవకుండానే చెప్పడం నేర్చుకుంది. ఇంట్లో పులుసు పెట్టడం మానేసింది. చారు కూడా నిమ్మకాయతోనే. ప్రకాశం గారు ప్రతిరోజూ చెబుదామనుకుని, ఎవరో ఒకరు అరుగు మీదికి రాగానే ఆగిపోయేవారు. మనిషి చెడ్డవాడు కాదు, పిరికివాడు. పోయిన పేరు ఒక్కొక్క ఇల్లే తిరిగి ఇస్తుంటే, కాదని ఎవరనగలరు?

నెలన్నర అయ్యాక ఉదయ్‌భాస్కర్ మాస్టారు వచ్చారు. మాఘంలో కొడుకు ఒడుగు పెట్టుకున్నారట. తండ్రి ఆబ్దికానికి పిలవనందుకు ప్రకాశం గారి మొహం చూడలేకపోతున్నారు. ఆ ఇబ్బంది కప్పిపుచ్చుకోవడానికి కిటికీలో సీసా తీసి పట్టుకున్నారు.

"ఇదేనా ఆ గింజ! ఏమ్మా బుల్లెమ్మ గారూ, ఊరందరికీ అమృతంలా వండిపెట్టే మనిషికి ఇంట్లో చింతగింజలు పెడతారా? ఇకనైనా మీరు వంట మానేసి, ప్రకాశం గారి చేతే వండించుకోండి!"

అరుగు మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. బుల్లెమ్మ గారూ నవ్వింది. "తప్పు నాదే లెండి మాస్టారూ. చేతకాని దాన్నైపోయాను" అని కాఫీ గ్లాసులు తీసుకుని గుమ్మం వైపు తిరిగింది. తిరిగేటప్పుడు ఆవిడ మొహం ప్రకాశం గారికి కనపడింది.

"ఆగు బుల్లెమ్మా" అన్నారాయన. "మాస్టారూ, ఒక్క మాటండి. ఆ గింజ మా ఇంటి పులుసులోది కాదు. మీ అమ్మాయి పెళ్ళి దప్పళంలోది."

ఆయన చెప్పాల్సిందంతా చెప్పారు. గొంతు పెంచలేదు, దించలేదు. మాస్టారు సీసాను మెల్లిగా కిటికీలో పెట్టేశారు.

"నైవేద్యానికి ముందేనా?"

"ముందేనండి."

"ముప్ఫై ఏళ్ళలో ఎన్నిసార్లు?"

"అదొక్కసారేనండి. నమ్మితే నమ్మండి."

మాస్టారు పరీక్ష పేపరు దిద్దే మనిషి కదా, తొందరపడి మార్కు వెయ్యరు.

"మరి ఉప్పు సరిపోయిందా?"

"ఏంటండీ?"

"దానికోసమే కదా రుచి చూశారు. సరిపోయిందా?"

"తెలీలేదండి. దగ్గొచ్చేసింది. అలాగే దింపేశాను."

మాస్టారి మూతి బిగువు కాస్త సడలింది. "నేను రెండుసార్లు వేయించుకున్నాను ఆ దప్పళం" అన్నారు. లేచి చెప్పులేసుకున్నారు. "పంక్తి వంట మీరే చెయ్యండి. మహానైవేద్యం మాత్రం రత్నమాణిక్యం గారి చేత చేయించండి. మా అమ్మ అడుగుతుంది, ఆవిడకి అబద్ధం చెప్పలేను."

"అలాగేనండి" అన్నారు ప్రకాశం గారు. తండ్రి నుంచి తన చేతికి వచ్చిన నైవేద్యం అలా వెళ్ళిపోయింది. బాధ కలిగింది. అయినా అది న్యాయమే అనిపించింది.

అందరూ వెళ్ళాక చూస్తే బుల్లెమ్మ గారు ఇంకా గుమ్మంలోనే ఉంది, చేతిలో ఖాళీ గ్లాసులతో.

"అంటే నా పులుసు కాదా?"

"కాదు."

"నెలన్నర అయిందండీ. నెలన్నర! పొద్దున్న లేచి ఆ సీసా మొహం చూసి ఏడ్చానే, మీ నోరు ఏమైంది? నేను మిమ్మల్ని చంపుకునేదాన్నని ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతుంటే పక్కన కూర్చుని విన్నారా?"

"విన్నాను. తప్పయిపోయింది బుల్లెమ్మా."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు గట్టిగా మోగాయి. ప్రకాశం గారు అరుగు మీదే కూర్చున్నారు, లోపలికి వెళ్ళే ధైర్యం లేక. ఎండ గడప మీద నుంచి తప్పుకుంది. కొంతసేపటికి ముక్కుకు మెంతులు వేగిన వాసన తగిలింది, ఆ వెనక ఇంగువ, ఆ తరవాత చింతపండు మరుగుతున్న వాసన. ఆయన కళ్ళు మూసుకుని పీల్చారు. కొంచెం ఉప్పు పడాలి.

బుల్లెమ్మ గారు గరిటె పట్టుకుని వచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"చెయ్యి పట్టండి."

"దేవుడికి పెట్టావా?" అని అలవాటు కొద్దీ అడిగారు.

"పెట్టానులెండి. వడకట్టాను కూడా. చెయ్యి పట్టండి, ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పండి."

ఆయన అరచెయ్యి చాపారు.